పుట్టికి తాళం, చేతికి గడియారం

నవంబర్ 27, బుధవారం

నేను దారి తప్పలేదు. ముందు ఈ మాట రాసి పెట్టుకోవాలి.

మనవరాలు నవనీత కాలేజీ నోటు పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అందులో రాస్తున్నాను. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు. తప్పులుంటే ఉండనీ. చదివేది నేనే.

మొన్న సోమవారం తెల్లవారుజామున మంచులో వలలు తీయడానికి నా గుండ్రటి బుట్ట పడవ, పుట్టి వేసుకుని పోయాను. పని అయ్యాక చెల్లెలు జోగులమ్మను చూడాలనిపించింది. ఆమె ఊరు కృష్ణకు అవతల, ఒడ్డు నుంచి రెండు కోసులు. కాలు నొచ్చి నడవలేకపోయాను. మధ్యాహ్నం గాలి లేచింది, తిరిగి రాలేకపోయాను. అవతలి ఒడ్డున ఉన్న గుడి అరుగు మీద పడుకున్నాను. ఇందులో దారి తప్పడం ఎక్కడుంది?

నేను పుట్టిని కళ్లతో నడపను, చెవులతో నడుపుతాను. కార్తీకంలో మా సోమశిల గుడి వాళ్లు చీకటి ఉండగానే మైకులో శివుని పాటలు వేస్తారు. మంచు ఎంత దట్టంగా ఉన్నా పాట ఎటు వినిపిస్తే అటు తెడ్డు వేస్తాను. రేవు వస్తుంది. ఇన్నేళ్లూ అట్లాగే వచ్చింది.

మంగళవారం కొడుకు శివశంకర్ యాత్రికులను తిప్పే ఇంజన్ బోటు వేసుకుని వెతుకుతూ వచ్చాడు. నన్ను బోటులో కూర్చోబెట్టి, నా పుట్టిని తాడుతో వెనక కట్టాడు. రేవులో ఉన్నవాళ్లంతా చూశారు. నా పుట్టి సంత నుంచి తోలుకొచ్చిన బర్రెలా వెనక వెనక వచ్చింది.

ఇంటికి రాగానే పుట్టిని బోర్లించి, వేపచెట్టుకు గొలుసు వేసి తాళం పెట్టాడు.

"నీకు డెబ్బయొకటి నిండినయ్ నాయినా. ఇంగ చాలు. రిసార్టోళ్లు పుట్టి కావాలంటుండ్రు. గేటు కాడ నిలవెట్టి ఫోటోలు దిగుతరంట. నెలాఖరుకు ఇచ్చేస్త" అన్నాడు.

నా పుట్టి ముందు నిలబడి ఎవడో పళ్లికిలిస్తాడట.

భాగ్యమ్మ ఏమీ అనలేదు. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో నా ఆడది ఏమీ అనకుండా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్క పెట్టవచ్చు. రేవు మెట్ల మీద మా ఇంటి చాప ఒకటి పరిచి ఉంది. అది అక్కడెందుకు ఉందో నేను అడగలేదు.

నవంబర్ 28

తాళం తీయలేదు.

నవంబర్ 30, శనివారం

నవనీత తెలివిగల పిల్ల. రేవులో టూరిస్టుల చేత కయాక్‌లు నడిపిస్తుంది. కయాక్ అంటే పొట్లకాయలాంటి ప్లాస్టిక్ పడవ, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు. అందులో కూర్చునే వాళ్లు నడుముదాకా తడిసి డబ్బులిచ్చి పోతారు.

ఈరోజు హైదరాబాద్ నుంచి ఒక ఆడమనిషి వచ్చిందట. ఆమె చేతికి నల్లటి గడియారం. అది ఆకాశంలో తిరిగే వాటితో మాట్లాడుతుందట. ఎంత దూరం పోయావు, ఎంత వేగం, ఎన్నిసార్లు తెడ్డు వేశావు, అన్నీ చెబుతుందట. బయలుదేరిన చోటికి తిరిగి పొమ్మని బాణం కూడా చూపిస్తుందట.

అన్నం తినేటప్పుడు నవనీత వాళ్ల నాయనతో అంది, "డాడీ, తాత చేతికి గసొంటి వాచ్ పెడితే పుట్టి ఇస్తవా?"

శివశంకర్ ముద్ద నమిలి నమిలి, "నీళ్లల్ల పనిజేసేది, వాపస్ తెచ్చేది అయితె ఇస్త. ఉత్త షోకుది అయితె ఇయ్య. వచ్చే నెలాఖరు దాక టైమ్" అన్నాడు.

"నేను యాడున్ననో నాకు గడియారం చెప్పాల్నా?" అని కంచం ముందు నుంచి లేచాను. అన్నం అప్పటికే అయిపోయింది కాబట్టి లేచాను.

తర్వాత ఆలోచించాను. పుట్టి కావాలి. గడియారం కొంటాను. కాని నేనే చూసి, నేనే కొంటాను. ఎద్దులను నేనే చూసి కొన్నాను. పెళ్లాన్ని నేనే చూసి చేసుకున్నాను. ఒక గడియారం చూడలేనా?

డిసెంబర్ 2, సోమవారం

గద్వాల పోయాను. దోస్తు డేవిడ్ వెంట వచ్చాడు. వాడూ నేనూ బొంబాయిలో మట్టి తవ్విన వాళ్లం. వాడి అల్లుడు సతీష్‌కు గద్వాలలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

సతీష్ నన్ను చూడగానే కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. "మీ అసొంటి పెద్దమనిషికి గిదే సూటయితది మామా" అని బంగారు రంగు గడియారం తీశాడు. అద్దం నా అరచేతిలో సగం ఉంది. వేలు తగిలిస్తే పువ్వులు, నెమళ్లు, చందమామ.

"నీళ్లల్ల ఆగుతదా?" అన్నాను.

"వాటర్‌ప్రూఫ్ మామా."

"దారి చూపిస్తదా?"

"మ్యాప్ ఉంటది మామా."

ఇంక అడిగేదేముంది? కొన్నాను. బస్సులో డేవిడ్ నా చెయ్యి పట్టుకుని చూస్తూ, "పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్ రా కురుమూర్తీ. తాళం తీసినంక పుట్టిల ఊరేగింపు పెడదాం" అన్నాడు.

నాకు నచ్చింది. ఎవరు ఏమన్నా నాకు నచ్చింది.

డిసెంబర్ 4, బుధవారం

ఏ వస్తువైనా మొదటిసారి నీళ్ల మీదికి తీసుకుపోయే ముందు గంగమ్మకు చూపించాలి. కొత్త వలకైనా, కొత్త తెడ్డుకైనా పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి నీళ్లలో వదిలి అప్పుడు ముట్టుకుంటాం. గడియారానికి కూడా చేశాను. ముందు వైపు అద్దం కదా, పసుపు నిలవలేదు. వెనక వైపు చిన్న గుంట ఉంది, అందులో చక్కగా పట్టింది. దట్టంగా పూశాను.

రేవుకు పోయాం. శివశంకర్ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పుట్టికి తాళం తీయలేదు. నవనీత తన కయాక్‌లో నన్ను ముందు కూర్చోబెట్టుకుంది.

ముందుగా గుండె లెక్క చూడమంది. గడియారం ఎంతసేపు చూసినా రెండు గీతలే చూపించింది, అంకె రాలేదు.

డేవిడ్ ఒడ్డు మీద నుంచి అరిచాడు, "ఎప్పుడు సచ్చినవ్ రా? ఒక్క మాట చెప్తె దండ తెస్తుంటి గద!"

నవనీత గడియారం తిప్పి చూసి తల పట్టుకుంది. "తాతా, గీ గుంటల నుంచే అది నీ నాడి చూస్తది. కండ్లల్ల పసుపు కొట్టినవ్ దానికి."

సరే, తుడిచాం. బయలుదేరాం. పది గజాలు పోగానే నా వేళ్లు తడిశాయి. తడి వేలితో ముడితే నెమలి ఎగిరిపోయింది, చందమామ వచ్చింది. మళ్లీ ముడితే ఎవరికో ఫోన్ పోయింది. ఎవరో ఆడమనిషి "హలో, హలో" అంది. నేనూ "హలో" అన్నాను. ఏం చేయాలి? ఇంకో వంద గజాలు పోయేసరికి ఆ గొంతు ఆగిపోయింది.

"దారి యాడున్నదే?" అన్నాను.

"ఫోన్ గట్టు మీద పెట్టినం కదా తాతా. గిది ఫోన్‌ను అడిగి దారి చెప్తది. దీనికి సొంతంగ ఏం తెల్వదు."

అంటే పక్కవాడిని అడిగి చెప్పేదన్నమాట. పోలీసు ఠాణాలో అట్లాంటి మనుషులను చూశాను. గడియారంగా ఇప్పుడే చూశాను.

శివశంకర్ తాళంచెవి జేబులో వేసుకుని నడిచిపోయాడు. నవ్వి ఉంటే బాగుండేది.

డిసెంబర్ 5

పసుపు అంటిన వస్తువు వాపసు తీసుకోనని సతీష్ ఫోన్‌లో అన్నాడు. గడియారం భాగ్యమ్మ చేతికి పోయింది. అది అడుగులు లెక్క పెడుతుంది. పొద్దుటి నుంచి ఆమె రెండు వేల అడుగులు నడిచిందట. "నువ్వు అరుగు మీదికెల్లి లేసింది లేదు, నాకు రెండు వేలు" అని నాలుగుసార్లు చెప్పింది.

మాట్లాడుతోంది కదా, అది చాలు.

డిసెంబర్ 8, ఆదివారం

ఆ హైదరాబాద్ ఆడమనిషి మళ్లీ వచ్చింది. పేరు సుప్రియ. నేను వేపచెట్టు కింద బోర్లించిన పుట్టి మీద కూర్చుని ఉంటే నవనీత పిలుచుకొచ్చింది. మొదట మాట్లాడకూడదనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, పుట్టికి నమస్కారం పెట్టి కూర్చుంది. అప్పుడు మాట్లాడాను.

"మీరు కొనేముందు ఏం చూసిండ్రమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "నేను కూడా మొదట అందమైనదే కొన్నాను తాతా. నీళ్లలో దాని అద్దం పనిచేయలేదు."

గొప్పగొప్పవాళ్లు కూడా మోసపోతారని తెలిసి కడుపు చల్లబడింది.

తన గడియారం విప్పి నా చేతికి పెట్టింది. పక్కన అయిదు బటన్లు. నీళ్లలో అద్దం ముట్టుకునే పనే లేదట. చేపల జిగురు అంటిన వేలితో నొక్కి చూశాను. విన్నది. ఎండలో పట్టుకుని చూశాను. మామూలు అద్దం ఎండలో నల్లబడుతుంది, ఇది ఎండ పడేకొద్దీ బాగా కనబడింది. ఖాళీ తెడ్డు గాలిలో వేసి చూశాను. మణికట్టు వెనక్కి వంగినప్పుడు చెయ్యి వీపు తగిలి బటన్ నొక్కుకుపోయింది. "జర పైకి, మోచేతి దిక్కు జరిపి కట్టుకోవాలె" అన్నాను. ఆమె అవునంటూ తలూపింది. తనకు ఆ సంగతి తెలియడానికి రెండు నెలలు పట్టిందట. నాకు రెండు నిమిషాలు.

పోయేటప్పుడు ఆమె అడిగింది, "తాతా, మీ పుట్టి నీళ్లలో గుండ్రంగా తిరుగుతుంది కదా? మా కయాక్ తిరగదు. బాణం సంగతి చూసుకోండి."

ఆ మాట మీదే రోజంతా ఉన్నాను.

చాప ఇంకా మెట్ల మీదే ఉంది. నవనీత లోపలికి తేబోతే భాగ్యమ్మ అంది, "ఉండనియ్. గీ మనిషితోని దాని అక్కెర మళ్ల పడుతది."

డిసెంబర్ 11, బుధవారం

వనపర్తి. నవనీత వెంట వచ్చింది. ఆటల సామాన్లు అమ్మే దుకాణం. యజమాని పేరు రాఘవేందర్. కుర్చీ వేయలేదు, చాయ్ తెప్పించలేదు. మంచిదే అనుకున్నాను.

"ఒక బకెట్ల నీళ్లు తెప్పియ్యి" అన్నాను.

"ఎందుకు తాతా?"

"తెప్పియ్యి, చెప్త."

మూడు గడియారాలు ముందర పెట్టాడు. మొదటిదాన్ని నీళ్లలో ముంచబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. వానకు తడిస్తే ఏమీ కాదు కాని ముంచకూడదట. "వాన పడితె నేను ఇంట్ల కూసుంట. అప్పుడు గడియారమెందుకు?" అన్నాను. దాన్ని లోపల పెట్టేశాడు.

రెండోదాన్ని ముంచనిచ్చాడు. బటన్లు ఉన్నాయి. యాభై మీటర్ల లోతు నీళ్లకు ఆగుతుందని వెనక అక్షరాలు ఉన్నాయి. "ఫోన్ లేకుండ దారి చెప్తదా?" అన్నాను. చెబుతుందన్నాడు. ఈసారి మాట నమ్మలేదు. ఫోన్ నవనీత చేతికిచ్చి దుకాణంలోనే ఉండమన్నాను. దుకాణం ముందర గుర్తు పెట్టించుకుని, గడియారంతో బస్టాండు దాకా నడిచాను. తిరిగి చూస్తే బాణం దుకాణం వైపే ఉంది. నడుస్తూ ఉంటే బాగానే చూపించింది.

అప్పుడు నడిరోడ్డు మీద నిలబడి గుండ్రంగా తిరిగాను. పుట్టి తిరిగినట్టు నిదానంగా, ఒక్కచోటే. బాణం నాతోపాటే తిరిగింది. నడిస్తేనే దానికి దిక్కు తెలుస్తుందట, నిలబడితే తెలియదట. పుట్టిలో అది పనికిరాదు.

మూడోది కట్టుకుని మళ్లీ పోయాను. మళ్లీ తిరిగాను. అప్పటికి ఆటోవాళ్లు నలుగురు, కూరగాయలామె ఒకతి చుట్టూ చేరారు.

"ఏమైందే పెద్దాయినకు? దేవుడొచ్చిండా?" అంది కూరగాయలామె.

"దేవుడు కాదు, బాణమొచ్చింది" అన్నాను. నిజంగానే వచ్చింది. నేను కుడికి తిరిగితే అద్దంలో బాణం ఎడమకు జరిగింది. నేనెంత తిరిగినా అది దుకాణం వైపే చూసింది. దీనికి లోపల సొంత దిక్సూచి ఉందట. కోపమొచ్చినప్పుడు భాగ్యమ్మ ఇట్లాగే నేను ఎటు తిరిగినా పుట్టింటి వైపే చూసేది.

ఆటోవాళ్లలో ఒకడు తానూ కట్టుకుని తిరిగి చూశాడు. తూలి కూరగాయల బండి మీద పడ్డాడు. టమాటాలు మేమంతా ఏరి ఇచ్చాం.

మూడోదే కొన్నాను. నల్లటిది. షోకు ఏమీ లేదు. రాఘవేందర్ పట్టీ బిగిస్తూ, "ఇన్నేండ్లల్ల గిట్ల చూసి కొన్నోణ్ణి చూడలే తాతా" అన్నాడు. అప్పుడు చాయ్ తెప్పించాడు.

డిసెంబర్ 13, శుక్రవారం

గంగమ్మకు చూపించాను. పసుపు పట్టీకి మాత్రమే పెట్టాను. నేర్చుకున్నాను కదా.

శివశంకర్ గడియారం అటూ ఇటూ తిప్పి చూశాడు. బటన్లు నొక్కాడు. చాలాసేపు చూశాడు. "సోమారం పొద్దున ఒక్కసారి పోయి రా. ఎనిమిది కొట్టేటాళ్లకు రేవుల ఉండాలె. లేకుంటె పుట్టి రిసార్ట్‌కే. మళ్ల నన్ను అనొద్దు" అన్నాడు.

అనను.

డిసెంబర్ 15

నిద్ర పట్టదేమో అనుకున్నాను. బాగా పట్టింది.

డిసెంబర్ 16, సోమవారం

ఈ పేజీ పెద్దది. చెయ్యి నొచ్చినా రాస్తాను.

నాలుగున్నరకు శివశంకర్ తాళం తీశాడు. ఇద్దరం పుట్టిని తల మీద మోసుకుని రేవుకు తెచ్చాం. మెట్ల మీద భాగ్యమ్మ చాపపై కూర్చుని ఉంది, దుప్పటి కప్పుకుని. చేతికి బంగారు గడియారం మెరుస్తోంది. బటన్ నొక్కి రేవును గుర్తు పెట్టాను. బయలుదేరాను.

మంచు. తెడ్డు కొస నాకు కనబడలేదు. వలల దగ్గరికి పోవడం చేతులకు తెలుసు. పోయాను. నాలుగు బొచ్చె చేపలు, కొన్ని జెల్లలు పడ్డాయి. వలలు సర్దేలోపు పుట్టి ఎన్ని చుట్లు తిరిగిందో.

ఈరోజు ధనుర్మాసం నెల పట్టిన రోజు. కార్తీకం అయ్యాక ఆగిపోయిన మైకు మళ్లీ మొదలైంది. పాట వినిపించింది. మన గుడి పాటే. ప్రాణం లేచొచ్చింది. పాట వైపు పుట్టి మలిపి తెడ్డు వేయడం మొదలుపెట్టాను. గడియారం సంగతి మరిచాను. గుర్తుకొచ్చినా చూడలేదు. మైకు ఉండగా అదెందుకు?

ఇరవై ముప్పై తెడ్లు వేశాక చూశాను. బాణం నా వీపు వెనక్కి చూపిస్తోంది.

"నీకేం తెలుసే" అన్నాను దానితో. ఇంకో పది తెడ్లు వేశాను. బాణం మారలేదు. తెడ్డు ఆపాను. చెవి రిక్కించాను. అప్పుడు వినబడింది. వెనక నుంచి కూడా అదే పాట. ఒక చరణం వెనకబడి, సన్నగా.

రెండు మైకులు. అవతలి గుడికి కూడా మైకు పెట్టారు. కొత్త మైకు, పెద్ద గొంతు. పాట ఒక్కటే.

ఆ కార్తీక సోమవారం నాకు వినిపించింది ఇదే. నేను ఇల్లనుకుని పోయింది అటే. అక్కడ గుడి మెట్ల మీద దిగాక గాని అది మా గుడి కాదని తెలియలేదు. పూజారి నా నుదుట కుంకుమ పెట్టి, "ఏ ఊరు?" అంటే చెల్లెలింటికి పోతున్నానన్నాను.

పుట్టి గుండ్రంగా తిరుగుతోంది. పాటలు రెండు వైపుల నుంచి. బాణం మాత్రం ఒక్కవైపే. చెవుల మాట విందామా, దీని మాట విందామా? అరవై ఏళ్లుగా పుట్టి నడిపిన చెవులు నావి. దీనికి నిండా వారం లేదు. వనపర్తి నడిరోడ్డు మీద పదిమంది ముందు నేనే తిప్పి చూసి కొన్నాను కదా. నేను చూసి కొన్నది తప్పు చెప్పదు. మలిపాను.

ఏడూ నలభైకి రేవు మెట్లు మంచులోంచి బయటికొచ్చాయి. శివశంకర్ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. బోటు కడుగుతున్నానన్నాడు. చేతిలో చెంబు లేదు.

నవనీత ఫోన్‌లో నేను పోయిన దారి గీతగా వచ్చింది. రేవు నుంచి వలల దాకా తిన్నగా పోయింది. తర్వాత అవతలి ఒడ్డు వైపు కొడవలిలా వంగి, మళ్లీ వెనక్కి మలిగింది.

శివశంకర్ ఆ వంపు మీద వేలు పెట్టాడు. "ఈడెందుకు మలిగినవ్ నాయినా?"

"చేపలు అటు పోయినయ్" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. గీతను చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ మెట్ల మీద కూలబడ్డాడు. "మొన్నటి కార్తీకంలనే నేను గూడ గా మైకుకే పోయిన నాయినా. పన్నెండు మంది యాత్రికులున్నరు బోటుల. ఒడ్డుకు తగిలినంక తెలిసింది. ఏం జెయ్యాలె? మా బోటుకు రెండు గుళ్ల దర్శనం అని చెప్పిన. నాకు దండం పెట్టి దిగిండ్రు."

"ఓరి దొంగా! మరి నా పుట్టిని బర్రె లెక్క ఎందుకు గుంజుకొచ్చినవ్ రా?"

వాడి నవ్వు ఆగింది. గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మ ఆ రాత్రంత గీ చాప మీదనే కూసున్నది. బువ్వ తినలే. లేవమంటె లేవలే. నాకు నీ మీద కాదు, ఎవల మీద కోపం చెయ్యాల్నో తెల్వక చేసిన."

నేను మాట మార్చాను. "చెల్లెలింటికి పోతుంటి గద..."

భాగ్యమ్మ అందుకుంది. "ఏ చెల్లె? జోగులమ్మ ఇంటికి నువ్వు ఎన్నడన్న ఉత్త చేతులతోని పోయినవా? సీరె లేకుండ, రైకముక్క లేకుండ, పండ్లు లేకుండ, తడి లుంగీ మీద, చేపల కంపుతోని పోతవా? నాకు ఆ పొద్దే తెలుసు. నలుగుట్ల నీ ఇజ్జత్ ఎందుకు తియ్యాలె అని నోరు మూసుకున్న."

మూడు వారాలు. ఆమెకు తెలుసు.

శివశంకర్ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. గొలుసును మాత్రం బోటుకు వాడుకుంటానన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నాయినా, రేపు పొద్దుగాల బోటుకు గా వాచ్ జర ఇస్తవా?" అన్నాడు.

"వనపర్తి పోయి కొనుక్కో. బటన్లున్నది చూడు. ఫోన్‌ను అడిగేది వద్దు. నడిరోడ్డు మీద తిరిగి చూసుకో. టమాటాల బండికి దూరంగ తిరుగు" అన్నాను.

బొచ్చెల పులుసు అయ్యింది. భాగ్యమ్మ ఈరోజు నాలుగు వేల అడుగులు నడిచిందట. నావెన్నో చూపించమంటే గడియారం చూపించాను. నావి అడుగులు కావు, తెడ్లు. పదకొండు వందలు. ఆమె తన గడియారం చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. నేను గెలిచాను.

ఇక మొదటి పేజీలో రాసింది దిద్దాలి. కొట్టివేస్తే పేజీ ఖరాబు అవుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కార్తీక సోమవారం నాడు నేను దారి తప్పాను.

సాయంత్రం భాగ్యమ్మ రేవుకు పోయి మెట్ల మీది చాప దులిపి, చుట్టి, ఇంట్లోకి తెచ్చింది.